కాలవ పడవ బొమ్మకి అచ్చమైన నలుపా, వెలిసిన నలుపా?

కావలి కుర్రోడు:
మా తాతది బకింగ్‌హామ్ కాలవలో ఉప్పు, సరుగుడు కట్టెలు మోసిన పడవ. ఇస్కపల్లి వైపు నుంచి మద్రాసు దాకా పోయేదంట. దాన్ని 1:24 కొలతలో, అంటే అసలు పడవలో ఇరవై నాలుగో వంతు సైజులో చేస్తున్నా, పొడవు అర మీటరు, టేకు పట్టీలు అంటించడం అయింది, ప్రైమర్ కూడా కొట్టేశా, రంగు దగ్గర ఆగిపోయా. పోయి అసలు పడవ చూసొద్దామంటే ఎక్కడుంది? పెదగంజాం లాకుల నుంచి మద్రాసుకి 316 కిలోమీటర్ల కాలవ, 2008లో జాతీయ జలమార్గం-4 కింద పేరైతే ఎక్కించారు గానీ మా వైపు తూటికాడ తప్ప ఏమీ తేలదు. ఉన్నది ఒక్క ఫోటో, వెనక 1964 అని రాసుంది, అందులో పడవ మొత్తం నల్లగానే ఉంది. మా మేనమామ "తారు పూసేవాళ్ళం రా, నలుపే" అంటాడు. నేనేమో బొమ్మలకి వేసే టామియా రంగుల్లో అచ్చమైన నలుపు, ఎక్స్‌ఎఫ్-1 తెచ్చి చెక్కముక్క మీద వేసి చూస్తే స్కూల్లో నల్లబల్లలా ఉంది, పలకల మధ్య గీతలన్నీ మాయం. మీరైతే ఏం వేస్తారు?

ఒంగోలు గిత్త:
నలుపు వెయ్ బ్రదర్. తారు నల్లగా ఉంటది, పడవకి తారు పూశారు, అయిపోయింది. ఇక్కడ కొంతమంది ప్రతిదాంట్లో బూడిద రంగు కలిపి కలిపి, బొమ్మలన్నీ విభూతి పూసుకున్నట్టు తయారు చేస్తున్నారు.

సున్నం డబ్బా:
విభూతి మాట నా గురించే అని అర్థమైంది 🙂 గిత్త గారూ, 1:24 బొమ్మని అర మీటరు దూరం నుంచి చూడడమంటే అసలు పడవని 12 మీటర్ల అవతల గట్టు మీద నుంచి చూసినట్టు. మధ్యలో ఎండ, దుమ్ము ఉంటాయి, నలుపు అంత చిక్కగా కనపడదు. విమానాల బొమ్మలు చేసేవాళ్ళు 1:72కి 15 శాతం, 1:48కి 10, 1:32కి 7 శాతం తెలుపు కలపమని ఒక లెక్క చెబుతుంటారు. కలపడం ఎందుకనుకుంటే టామియాలోనే కాస్త వెలిసినట్టుండే నలుపులు, ఎక్స్‌ఎఫ్-85 రబ్బర్ బ్లాక్ గానీ ఎక్స్‌ఎఫ్-69 నాటో బ్లాక్ గానీ తీసుకోండి. అచ్చమైన నలుపుని నీడలకి దాచుకోవాలి. మొదలే దాంతో పెడితే ఇక అంతకన్నా ముదురు ఎక్కడ్నుంచి తెస్తారు?

ఒంగోలు గిత్త:
నీ లెక్క ప్రకారమే 1:24కి ఐదు శాతం కలిపితే ఎక్కువ. పన్నెండు మీటర్లకి గాలి ఏం చేస్తుంది సామీ? కొత్తపట్నం రోడ్డులో కాలవ వంతెన మీద నిలబడి చూస్తే కింద గేదె నల్లగానే కనపడుద్ది.

సున్నం డబ్బా:
తడిసిన గేదె. అదే గేదె గట్టెక్కి బురద ఎండాక చూసి చెప్పండి.

ఉలవపాడు మామిడి:
మీరిద్దరూ గాలి దగ్గర, గేదె దగ్గర కొట్టుకుంటున్నారు గానీ పడవ సంగతి ఎవరూ మాట్లాడట్లా. మా నాయన తారు పూసిన మనిషి. పడవని గట్టుకి లాగి పక్కకి ఒరగబెట్టి, సందుల్లో గుగ్గిలం, నూనె పట్టించిన నార దట్టించి, తారు కాచి కొబ్బరిపీచు కుంచెతో పూసేవాళ్ళు. పల్చగా పడిన చోట తారు నలుపు కాదబ్బాయ్, ముదురు బెల్లం రంగు. మందంగా కారి గడ్డకట్టిన చోటే నలుపు, అదీ నిగనిగా మెరుస్తా ఉంటది, కొన్ని నెలలు ఎండకి పడితే ఆ మెరుపు పోయి బూడిద తిరుగుద్ది. కాబట్టి ఒక్క డబ్బాతో అయ్యే పని కాదిది. ముందు ముదురు గోధుమ వెయ్, దాని మీద నలుపు బాగా పల్చన చేసి రెండు పూతలు, చివర్లో మ్యాట్ వార్నిష్. ఉప్పు పడవ అంటున్నావు గాబట్టి నీళ్ళ గీతకి కాస్త పైన తెల్లటి చార ఉండాల్సిందే. మనిషి నడిచే పలకలకి మాత్రం తారు వెయ్యరు, కాళ్ళకి అంటుకుంటది గదా, వాటికి చేప నూనె పూసిన రంగు రావాలి.

తూములో చేప:
ఇంకో మెలిక. పాత ఫిల్ముల్లో కొన్నిటికి ఎరుపు ఆనేది కాదు, ఎర్రటిదంతా నల్లగా పడేది. మీ తాత పడవకి కావి రంగు పూసుంటే? ఫోటోలో బొట్టు పెట్టుకున్నవాళ్ళు ఎవరన్నా ఉన్నారా? బొట్టు కూడా పడవంత నల్లగా పడుంటే అనుమానించాలి.
వార్నిష్ దగ్గర మాత్రం జాగ్రత్త. నేను ఎనామెల్ వేసిన రెండో రోజే, ఆరిందిలే అని కార్లకి కొట్టే లక్కర్ స్ప్రే కొట్టా, పాల మీద మీగడ ముడుచుకున్నట్టు రంగంతా ముడుచుకుపోయింది. ఆ పడవ ఇప్పటికీ అటక మీదే ఉంది.

కావలి కుర్రోడు:
ఫోటోలో గట్టు మీద మా నాయనమ్మ ఉంది, బొట్టు లేత బూడిదగానే పడింది, కావి గొడవ లేనట్టే. నిన్న మూడు చెక్కముక్కలకి మూడు రకాలు వేసి, ఏది ఏదో చెప్పకుండా వసారాలో ఎండ పడే చోట మామ చేతిలో పెట్టా. అచ్చమైన నలుపు ముక్కని అటూ ఇటూ తిప్పి "కొత్త టైరు మాదిరి ఉందే" అని పక్కన పెట్టేశాడు. నాటో బ్లాక్‌ని ఒక చూపు చూసి వదిలేశాడు. గోధుమ మీద నలుపు వేసిన ముక్కని మాత్రం గోటితో గీకి, ముక్కు దగ్గర పెట్టుకుని వాసన కూడా చూసి, "ఇదే" అన్నాడు. గిత్తన్నా, ఏమనుకోమాక.
ఇప్పుడు కొత్త తంటా. తెరచాప తెల్లగా వేద్దామనుకుంటే "తుమ్మచెక్క ఉడికించిన నీళ్ళలో ముంచి తీసేవాళ్ళం, తెలుపు ఎక్కడిది రా" అంటున్నాడు. ఆ రంగు ఎట్లా తేవాలి?

ఒంగోలు గిత్త:
టీ డికాక్షన్‌లో నానబెట్టు. దాంట్లో కూడా బూడిద కలపమంటాడేమో, ఆ డబ్బా మాట వినమాక.