సంతకం ఆపలేని రాజు దేనికి?

ప్రశ్న

నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. నిన్న రాజ్యాంగబద్ధ రాచరికం గురించి చెబుతుంటే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకరు లేచి, "సార్, నచ్చని బిల్లు మీద కూడా రాజు సంతకం పెట్టాల్సిందే అంటున్నారు. మరి ఆయన దేనికి? పెట్టనంటే ఏమవుతుంది?" అని అడిగింది. బ్రిటన్‌లో 1708లో ఆన్ రాణి ఒక బిల్లును తిరస్కరించాక మళ్లీ ఎవరూ ఆ పని చేయలేదని చెప్పాను. "చేస్తే ఏమవుతుందని అడిగాను సార్" అంది. నిజమే, నేను చెప్పింది జవాబు కాదు. రాత్రంతా అదే మనసులో తిరిగింది. తెలిసినవాళ్లు చెప్పండి.

మొదటి జవాబు

ఏమవుతుందో బెల్జియంలో చూశారండీ. 1990లో గర్భస్రావాన్ని అనుమతించే చట్టం పార్లమెంటులో నెగ్గింది. రాజు బొదువాన్ గట్టి క్యాథలిక్. దీని మీద సంతకానికి తన మనస్సాక్షి ఒప్పుకోదని ప్రధానికి రాశాడు. రాజు పాలించలేని స్థితిలో ఉంటే ఏం చేయాలో వాళ్ల రాజ్యాంగంలో ఒక నిబంధన ఉంది. దాన్ని పట్టుకుని, రాజు పాలించలేని స్థితిలో ఉన్నాడని ప్రకటించి, ఏప్రిల్ మొదటి వారంలో మంత్రులే రాజు స్థానంలో సంతకాలు పెట్టి చట్టం తెచ్చారు. వెంటనే పార్లమెంటు ఆయన్ను మళ్లీ రాజుగా కూర్చోబెట్టింది. లక్సెంబర్గ్‌లో ఇంకా సూటిగా తేల్చారు. 2008లో గ్రాండ్ డ్యూక్ (అక్కడ రాజును అలా అంటారు) ఆన్రీ కారుణ్య మరణ చట్టాన్ని ఆమోదించనన్నాడు. రాజ్యాంగాన్నే సవరించి, ఆమోదించే అధికారం ఆయన చేతిలోంచి తీసేశారు.

రెండో జవాబు

పైన చెప్పింది సరే, రాజు దేనికి అన్న ప్రశ్న అలాగే ఉంది. 1981 ఫిబ్రవరి 23న స్పెయిన్‌లో లెఫ్టినెంట్ కర్నల్ టెహేరో సాయుధ సివిల్ గార్డులతో (అక్కడి ఒక పోలీసు దళం) పార్లమెంటులోకి చొరబడ్డాడు. మంత్రులూ ఎంపీలూ తుపాకుల మధ్య చిక్కుకుపోయారు. బయట ఉన్నవాళ్లలో సైన్యం వినేది రాజు మాట ఒక్కటే. అర్ధరాత్రి ఒంటిగంట దాటాక హువాన్ కార్లోస్ సైనిక యూనిఫాంలో టీవీలోకి వచ్చి, రాజ్యాంగం వైపే ఉంటానన్నాడు. మర్నాడు మధ్యాహ్నానికి ఎంపీలు క్షేమంగా బయటికొచ్చారు. ఆ ఒక్క రాత్రి కోసమైనా రాజు ఉండాలంటాను.

మూడో జవాబు

క్షమించాలి, నేను ఒప్పుకోను. ఒక రాత్రి ఒక మనిషి గట్టిగా నిలబడ్డాడని ఆయన వంశానికే పదవి రాసివ్వగలమా? గ్రీసులో 1967 ఏప్రిల్‌లో సైనికాధికారులు అధికారం లాక్కుంటే రాజు కాన్‌స్టాంటిన్ వాళ్ల ప్రభుత్వం చేత ప్రమాణం చేయించాడు. డిసెంబరులో ఎదురుతిరిగి, ఓడిపోయి, దేశం వదిలాడు. 1974 రెఫరెండంలో ప్రజలు రాచరికమే వద్దన్నారు. స్పెయిన్‌లోనూ గ్రీసులోనూ అప్పుడు రాజు ఉన్నాడు, తేడా మనిషిలో ఉంది. పుట్టుకతో వచ్చే పదవిలో ఎలాంటి మనిషి వస్తాడో ముందుగా ఎవరు చెప్పగలరు? స్వీడన్ 1974 రాజ్యాంగంలో ప్రధాని పేరు ప్రతిపాదించే పనిని స్పీకర్‌కు ఇచ్చేసింది, రాజు బిల్లుల మీద సంతకమూ పెట్టడు. ప్రజాస్వామ్యం చక్కగా నడుస్తోంది.

అసలు నాకు బాధ కలిగేది ఆ పదవిలో పుట్టినవాళ్లను చూస్తేనే. జపాన్ చక్రవర్తి అకిహితో 82 ఏళ్ల వయసులో, 2016 ఆగస్టులో టీవీలో మాట్లాడాడు. ఒంట్లో ఓపిక తగ్గుతోంది, బాధ్యతలు ఇదివరకటిలా చేయలేనేమో అన్నాడు. దిగిపోతానన్న మాట మాత్రం అనలేదు. రాజ్యాంగం ప్రకారం ఆయనకు పాలనలో ఏ అధికారమూ లేదు, దిగిపోవడానికి వీలివ్వని చట్టాన్ని మార్చమని అడిగినట్టు వినిపించినా తప్పే. ఆయన ఒక్కరి కోసం పార్లమెంటు ప్రత్యేక చట్టం చేస్తే 2019 ఏప్రిల్ 30న దిగగలిగాడు. రిటైర్ అవడానికి ఒక పెద్దాయన అంత కాలం ఎదురుచూడాలా? ఆయన మనవరాలు ఐకో ఇప్పటి చక్రవర్తికి ఏకైక సంతానం. ఆడపిల్ల కాబట్టి సింహాసనం రాదు.

ప్రశ్న అడిగిన వ్యక్తి

అందరికీ ధన్యవాదాలు. ఈరోజు బెల్జియం సంగతి చెబితే ఆ అమ్మాయి తృప్తిగా తలూపింది. ఐకో దగ్గరికొచ్చేసరికి మాత్రం, "ఆమెకు ఇష్టమో కాదో ఎవరైనా అడిగారా సార్?" అంది. మళ్లీ నా దగ్గర జవాబు లేదు.

మూడో జవాబు ఇచ్చిన వ్యక్తి

ఆ అమ్మాయికి ఇది కూడా చెప్పండి. ఆడ, మగ తేడా లేకుండా పెద్ద బిడ్డకే సింహాసనం అని స్వీడన్ 1980లో మార్చింది. అప్పటిదాకా యువరాజు కార్ల్ ఫిలిప్, ఏడు నెలల పసివాడు. ఆ హోదా అతని అక్క విక్టోరియాకు వెళ్లింది. ఆమెకు రెండేళ్లు.