జనవరిలో వియత్నాంకి ఒక్కదాన్నే: 7 కిలోల బ్యాగు సరిపోతుందా?

కృష్ణలంక అమ్మాయి:

అందరికీ నమస్తే. జనవరిలో వియత్నాం వెళ్తున్నాను, ఒక్కదాన్నే. హనోయిలో దిగి నిన్ బిన్, హ్యూ, హోయ్ ఆన్ చూసుకుని సైగాన్ (హో చి మిన్ సిటీ) నుంచి తిరిగొస్తాను. టికెట్‌లో చెక్-ఇన్ లగేజీ లేదు, కేబిన్‌లోకి 7 కిలోలే. హనోయిలో అప్పుడు చలి అంటున్నారు, సైగాన్‌లో ఎండ. రెండింటికీ ఒకే బ్యాగులో ఎలా సర్దాలి? అమ్మ ఇప్పటికే అటక మీది పెద్ద సూట్‌కేసు దింపి తుడిచి పెట్టింది, ఆవకాయ కూడా పెడతానంటోంది. నేను మాంసం, చేప తినను. దేశం దాటడం ఇదే మొదటిసారి, కాస్త టెన్షన్‌గా ఉంది.

వాల్తేరు అక్క:

చెల్లీ, డబ్బు కట్టి లగేజీ కొనుక్కోగలిగినా సరే, సూట్‌కేసు మాత్రం తీసుకెళ్లకు. ఇద్దరు వెళ్తే ఒకరు సామాను దగ్గర కూర్చుంటారు. ఒక్కదానివే వెళ్తే స్టేషన్‌లో బాత్రూమ్‌కి వెళ్లాలన్నా బ్యాగు నీతోనే రావాలి. అందుకే తూకం కంటే ముందు ఇది చూసుకో: నిండా సర్దిన బ్యాగుని ఎవరి సాయమూ లేకుండా తల పైకి ఎత్తి రైలు బెర్తు మీద పెట్టగలవా? లేకపోతే ఇంకో రెండు జతలు తీసెయ్.

హనోయి ఓల్డ్ క్వార్టర్‌లో ఫుట్‌పాత్ నిండా స్కూటర్లే ఉంటాయి, చక్రాల పెట్టె లాగడానికి చోటుండదు. ఇళ్లు సన్నగా, నిలువుగా కడతారు. చౌక హోటళ్లలో చాలావాటికి లిఫ్టు ఉండదు, గది ఏ నాలుగో అంతస్తులోనో ఇస్తారు. వీపున బ్యాగు ఉంటే ఇవేవీ పట్టవు.

ఇక చలి. హనోయిలో జనవరిలో 15 డిగ్రీల అటూ ఇటూ ఉంటుంది. అంకె చూసి తేలిగ్గా తీసుకోవద్దు, అది తడి చలి. సన్న తుంపర పడుతుంటుంది, గదుల్లో హీటరు ఉండకపోవచ్చు. మందపాటి కోటు ఒక్కటి కాకుండా ఒక థర్మల్ (ఒంటికి అంటుకునే వెచ్చటి లోపలి బట్ట), ఒక ఫ్లీస్ (తేలికైన మెత్తటి జాకెట్టు), పైన పలచటి వానకోటు పెట్టుకో. బరువైనవన్నీ, షూస్‌తో సహా, విమానంలో ఒంటి మీదే ఉండాలి. హ్యూ దాటాక హాయ్ వాన్ కనుమ వస్తుంది. ఉత్తరం నుంచి వచ్చే చల్లగాలిని ఆ కొండలే ఆపుతాయి. కనుమ దాటి డానాంగ్ (హోయ్ ఆన్‌కి దిగాల్సిన స్టేషన్ ఉన్న ఊరు) వైపు దిగితే ఫ్లీస్ బ్యాగులోకి పోతుంది. జీన్స్ మాత్రం వద్దు, ఆ తేమలో ఉతికితే ఆరదు. మూడు జతలు చాలు. కిలోల లెక్కన బట్టలు ఉతికిచ్చే షాపులు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి.

ఒక పెద్ద కాటన్ చున్నీ తప్పకుండా పెట్టుకో. రాత్రి రైల్లో దుప్పటి అదే, గుళ్లో భుజాల మీద అదే.

కూకట్‌పల్లి ప్రయాణికుడు:

అక్క బట్టల సంగతి చెప్పారు కాబట్టి నేను కాగితాలు, కరెంటు సంగతి చెప్తాను. ఈ-వీసా ప్రభుత్వ వెబ్‌సైట్‌లోనే తీసుకోండి, ఒకసారి ప్రవేశానికి 25 డాలర్లు. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో, గివెన్ నేమ్‌లో ఏముందో అచ్చం అలాగే నింపండి. మన ఇంటిపేర్లతో తికమక అక్కడే వస్తుంది. ప్రింటు ఒకటి చేతిలో ఉంచుకోండి.

మన సన్న రెండు పిన్నుల ఛార్జర్లు అక్కడ పడతాయి, మూడు పిన్నుల లాప్‌టాప్ ప్లగ్గు పట్టదు. పవర్ బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి. నోట్ల విషయంలో జాగ్రత్త: 20,000 డాంగ్ (అక్కడి డబ్బు) నోటూ, 5,00,000 నోటూ రెండూ నీలంగానే ఉంటాయి. మొదటిది మన సుమారు డెబ్భై రూపాయలు, రెండోది పదిహేను వందలు దాటుతుంది. వేర్వేరు అరల్లో పెట్టుకోండి.

కృష్ణలంక అమ్మాయి:

ఇద్దరికీ చాలా థాంక్స్. మరి ఆవకాయ? అమ్మ వదిలేలా లేదు.

వాల్తేరు అక్క:

నూనె పచ్చడి కేబిన్‌లో పోనివ్వరమ్మా. అమ్మని కందిపొడి కొట్టించి ఇవ్వమను, చిన్న పొట్లం చాలు. ఆవిడ చేతిది ఏదో ఒకటి నీతో ఉండాలి కదా, ఆ మాట కాదనకు. కూరల్లో, ఆకుకూర వేపుళ్లలో కూడా చేప సాస్ వేస్తారు, కాబట్టి మామూలు హోటల్లో నమ్మకంగా తినలేవు. 'క్వాన్ చాయ్' అని రాసి ఉన్నచోటికి వెళ్లు, అవి పూర్తి శాకాహార భోజనశాలలు. బౌద్ధులు పౌర్ణమికీ, చాంద్రమాసం మొదటి రోజుకీ మాంసం మానేస్తారు కాబట్టి ఆ రోజుల్లో మామూలు చోట్ల కూడా శాకాహారం దొరుకుతుంది.

హ్యూ నుంచి డానాంగ్‌కి బస్సు కాదు, పగటి రైలు ఎక్కు. ఆ కనుమ కొండల అంచున, సముద్రం పక్కనే పోతుంది. ఎడమ పక్క కిటికీ సీటు తీసుకో, సముద్రం అటే.