పోలో జీటీకి రీమ్యాప్: మూడు చోట్ల మూడు మాటలు, ఏది చేయించాలె?

కొండాపూర్_జీటీ
అన్నలూ, పొద్దుగాల్నుంచి దీని మీదనే కూసున్న. రాత్రి పదకొండయింది, ఇంకా ఏదీ తేల్తలేదు. వీడియోల్ల ఒకడు చెప్పింది ఇంకొకడు తప్పంటున్నడు. నాది పోలో జీటీ. స్టేజ్ 1 రీమ్యాప్ (ఇంజన్ కంప్యూటర్‌ల సాఫ్ట్‌వేర్ మార్చి పవర్ పెంచుడు) చేయించుడు ఖాయం. మూడు చోట్ల అడిగిన. ఒకాయన ఓబీడీ పోర్ట్‌ల (స్కానర్ తగిలించే సాకెట్) కేబుల్ పెట్టి గంటల ఫైల్ ఎక్కిస్త, 135 హార్స్‌పవర్, 240 ఎన్ఎం టార్క్ పక్కా అన్నడు. ఇంకో ఆయన డైనో (పవర్ కొలిచే మిషన్) మీద పెట్టి నీ బండి చూసే మ్యాప్ రాస్త, నంబర్ ముందుగాల చెప్పను అన్నడు. రేటు మాత్రం దాదాపు డబుల్. మూడో ఆయన ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్) జోలికే పోవద్దు, ట్యూనింగ్ బాక్స్ పెట్టుకో, వద్దనుకున్ననాడు పీకేయొచ్చు అన్నడు. శనివారం అడ్వాన్స్ ఇయ్యాలె. మూడిట్ల ఏది? స్టాక్‌గనే ఉంచుకో అనేటోళ్లు దయచేసి రిప్లై పెట్టకుండ్రి.

పాత_ఫిట్టర్
ఏ జీటీ? పెట్రోల్ టీఎస్ఐయా, డీజిల్ టీడీఐయా? ఏ సంవత్సరం? ఏ గేర్‌బాక్స్?

కొండాపూర్_జీటీ
టీఎస్ఐ అన్నా. హాట్ హ్యాచ్ అన్నంక పెట్రోలే గదా.

పాత_ఫిట్టర్
మిగతా రెండూ?

మలక్‌పేట_క్లెయిమ్స్
మ్యాప్ ఏదన్నది తర్వాత తేల్చుకోవచ్చు, ముందు ఇది చదవండి. మోటారు క్లెయిములు చూడటమే నా ఉద్యోగం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్నవాటికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో 182ఏ సెక్షన్ వచ్చింది. ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. జరిమానా కట్టేసి బయటపడొచ్చు, అసలు భయం ఇన్సూరెన్స్‌తోనే. పాలసీ ఇచ్చేటప్పుడు బండిలో మార్పులు చేశారా అని అడుగుతారు. దాచిపెట్టి, రేపు ఓఆర్ఆర్ మీద ఏదైనా జరిగితే క్లెయిమ్ తిరస్కరించడానికి కారణం మీరే వాళ్ల చేతిలో పెట్టినట్టు. ఎంత పవర్ వస్తుంది అని అడిగేవాళ్లే గానీ, పాలసీ కాగితం తీసి చదివినవాళ్లు నాకు ఇంతవరకూ కనబడలేదు.

ఉప్పల్_ఆక్టేన్
ఆర్సీల 1197 సీసీ అని ఉంటది. అది మారదు గదా సార్. మ్యాప్‌ను ఎవరు చూస్తరు?

మలక్‌పేట_క్లెయిమ్స్
ఎవరు చూస్తారు అన్నది సమాధానం కాదండీ. ఫ్లాష్ చేసిన (కొత్త ఫైల్ ఎక్కించిన) బండిని డీలర్ స్కానర్‌కు తగిలిస్తే ఫోక్స్‌వ్యాగన్ సిస్టమ్‌లో టీడీ1 అనే గుర్తు పడుతుంది. వారంటీ దానితోనే పోతుంది. పెద్ద క్లెయిమ్ వచ్చిన రోజు అన్నీ చూస్తారు.

ఉప్పల్_ఆక్టేన్
సరే, మీ మాట కాదనను. కానీ తమ్ముడు ఏ పెట్రోల్ పోస్తున్నడో ఎవరూ అడుగుతలేరు. ఫైల్ రాసినోడు 97 ఆక్టేన్ పోసి రాసి, నువ్వు బంకుల మామూలుది పోస్తే మే నెల ఎండల నాకింగ్ (పెట్రోల్ తనంతట తనే అంటుకునుడు) మొదలైతది, నాక్ సెన్సర్ దాన్ని పట్టంగనే ఈసీయూ టైమింగ్‌ను (స్పార్క్ పడే సమయం) వెనక్కి గుంజుతది. పైసలు పెట్టి కొన్న హార్స్‌పవర్ ఆడనే పోయింది. ఇప్పుడు అంతటా ఈ20 నే, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. ఇథనాల్ నాకింగ్‌ను తట్టుకుంటది, గది మంచిదే. కానీ ఇథనాల్‌ల శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. ఉత్త పెట్రోల్ ఒక పాలు మండాలంటే 14.7 పాళ్ల గాలి, ఈ20కి 13.5 దగ్గర. అంటే అదే గాలికి ఇంజెక్టర్లు ఎక్కువ పోయాలె. మెల్లగ పోతున్నప్పుడు ఆక్సిజన్ సెన్సర్ చూసుకొని ఈసీయూ సర్దుకుంటది. బూస్ట్ (టర్బో నూకే గాలి ప్రెషర్) పెంచి ఫుల్‌గ తొక్కినప్పుడు సర్దుకునే జాగ ఎంత మిగిలిందో లాగ్ (నడిపేటప్పటి సెన్సర్ల రికార్డు) తీస్తేనే ఎరుకైతది. ఇంకోటి, 2023 ఏప్రిల్‌కు ముందటి బండ్లు ఈ20ని దృష్టిల పెట్టుకొని చేసినవి కావు. రబ్బరు పైపులు, సీళ్లు ఒకసారి చూపించుకో. నన్నడిగితే 95 పోసి, 95కే మ్యాప్ రాయించుకో. 100 ఆక్టేన్ ఉండే ఎక్స్‌పీ100 మన హైదరాబాద్‌ల దొరుకుతది గానీ రోజూ ఆఫీసుకు పోయే బండికి ఆ రేటు భరించలేవు.

డైనో_షీట్
135 అన్నాడు కదా, చక్రాల దగ్గరా, క్రాంక్ (ఇంజన్) దగ్గరా? కంపెనీ చెప్పే 105 పీఎస్, 175 ఎన్ఎం క్రాంక్ లెక్క. డైనో రోలర్ల మీద చక్రాల దగ్గర కొలిస్తే గేర్‌బాక్స్, షాఫ్టులు తినేది పోగా తక్కువే చూపిస్తుంది. కొందరు ముందు చక్రాల లెక్క చూపించి, తర్వాత క్రాంక్ లెక్క చూపించి, మధ్యలో తేడా అంతా తమ ఫైల్ గొప్పే అంటారు. ఒకే డైనో, ఒకే రోజు, ఒకే పెట్రోల్, ముందొక షీటు, తర్వాతొక షీటు. ఇది ఇవ్వనివాడి నంబర్‌ను నమ్మవద్దు.

బాచుపల్లి_బూస్ట్
నేను బాక్స్ వాడుతున్నా బ్రో, సూపర్ ఉంది. అది కూడా రీమ్యాపే.

పాత_ఫిట్టర్
కాదు.

బాచుపల్లి_బూస్ట్
ఎందుకు కాదు? పవర్ పెరిగింది కదా. స్టేజ్ 1 అంటే పార్టులు మార్చకుండా పవర్ పెంచడమే.

డైనో_షీట్
పార్టులు మార్చకపోవడం ఒక్కటే కాదు. స్టేజ్ 1 అంటే ఈసీయూలో టేబుళ్లనే తిరగరాయడం. బూస్ట్, టైమింగ్, ఇంధనం, టార్క్ పరిమితి అన్నీ కలిపి. మీ బాక్స్ ప్రెషర్ సెన్సర్‌కూ ఈసీయూకూ మధ్య కూర్చుని, బూస్ట్ ఉన్నదానికంటే తక్కువ ఉందని చెప్తుంది. ఈసీయూ అది నమ్మి బూస్ట్ పెంచుతుంది. టైమింగ్ మాత్రం పాతదే. మీ బండి బాగా నడుస్తోందంటే సంతోషం, కానీ రెండింటినీ ఒక పేరుతో పిలిస్తే అడిగినవాడు తికమక పడతాడు.

బాచుపల్లి_బూస్ట్
రెండేళ్లుగా వాడుతున్నా, ఒక్క లైటు వెలగలేదు. మీరు వాడి చూసి మాట్లాడండి.

కొండాపూర్_జీటీ
అన్నలూ, నేను అడిగింది మూడిట్ల ఏదని, మీరు ఎటో పోతున్నరు. రాత్రంతా గిదే అయితుంది. సరే, బండి 2016 మోడల్, పోయినేడు సెకండ్ హ్యాండ్ల తీసుకున్న. డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. 82 వేల కిలోమీటర్లు తిరిగింది. మామూలు పెట్రోలే పోస్త. బయోడైవర్సిటీ జంక్షన్ కాడ ట్రాఫిక్‌ల పాకుతున్నప్పుడు రెండో గేర్‌ల జర వణుకుతది. అన్ని డీఎస్‌జీలకు గట్లనే ఉంటదట గదా. ఇప్పుడన్నా చెప్పుండ్రి.

బాలానగర్_గేర్‌బాక్స్
తమ్ముడూ, ఆ వణుకు మాట మొదటి పోస్టుల్నే పెట్టాల్సింది. డీఎస్‌జీలు విప్పి బిగించుడే నా పని, అందుకే చెప్తున్న. నీ బండిల ఉన్నది డీక్యూ200, ఏడు గేర్లది, డ్రై క్లచ్. ఆయిల్‌ల మునిగి ఉండే క్లచ్ కాదు, వేడి తొందరగ దిగదు. కంపెనీ దానికి పెట్టిన హద్దు 250 ఎన్ఎం. కొత్త క్లచ్‌కు చెప్పిన లెక్క అది. నీది 82 వేలు తిరిగి, ఐటీ కారిడార్ ట్రాఫిక్‌ల రోజూ అరిగి, వణుకు మొదలైన క్లచ్. దాని మీద 240 పెడతా అంటున్నడు మొదటాయన. బండి చూడకుండ, నడపకుండ ఆ మాట ఎట్లన్నడు?

ఇంజన్ తట్టుకుంటది, దానికి భయపడకు. స్టాక్ టర్బోకు స్టేజ్ 1 పెద్ద బరువు కాదు. టార్క్ ఎక్కడ వస్తుందనేదే చూడాలె. నీ బండి స్టాక్‌లనే 1500 ఆర్‌పీఎం నుంచి 4100 దాకా పూర్తి 175 ఇస్తది. రెడీమేడ్ ఫైళ్లు చాన మట్టుకు కింది ఆర్‌పీఎంలనే టార్క్‌ను ఒక్కసారి గుద్దుతయి, ఎందుకంటే టెస్ట్ డ్రైవ్‌ల అదే మజా. క్లచ్ జారేది కూడా గక్కడనే. గేర్‌బాక్స్ కంప్యూటర్‌ల కూడా దాని సొంత టార్క్ హద్దు ఉంటది. ఇంజన్ ఫైల్ ఒక్కటే మార్చి దాన్ని వదిలేస్తే, పైన ఇచ్చింది కింద కోసేస్తది.

ముందుగాల వీసీడీఎస్ (ఫోక్స్‌వ్యాగన్ బండ్లను చదివే స్కానర్) తోని గేర్‌బాక్స్ చదివించు. రెండు క్లచ్‌ల అడాప్టేషన్ విలువలు (గేర్‌బాక్స్ కంప్యూటర్ నేర్చుకున్న క్లచ్ కొలతలు), క్లచ్ వేడి లెక్క, పాత ఫాల్టులు అన్నీ కాగితం మీద తీసుకో. బేసిక్ సెట్టింగ్ (ఆ కొలతలు మళ్ల కొత్తగ నేర్పించుడు) చేయించినంక వణుకు పోతే మంచిది. పోకపోతే క్లచ్ ప్యాక్ మార్చేదాంక రీమ్యాప్ మాటే ఎత్తకు. అన్నీ సక్కగ ఉంటే రెండో ఆయన దగ్గరికే పో. నంబర్ ముందుగాల చెప్పను అన్నోడే నిజం చెప్తున్నడు. టార్క్‌ను 210, 220 దగ్గర ఆపి, 2500 ఆర్‌పీఎం దాకా మెల్లగ ఎక్కేటట్టు రాయమను. కొత్త స్పార్క్ ప్లగ్గులు ఏసుకొని, మధ్యాహ్నం ఎండల లాగ్ తీయమను. నాలుగు సిలిండర్లల టైమింగ్ ఎంత వెనక్కి పోతుందో, లోపలికి పోయే గాలి ఎంత వేడి ఉందో రెండూ కనబడాలె. నీ పాత ఫైల్ బ్యాకప్ తీసి నీ చేతికి ఇయ్యమను, ఇయ్యనంటే ఆడికెల్లి లేచి వచ్చెయ్.

పాత_ఫిట్టర్
ఇదే. మొదటే గేర్‌బాక్స్ అడిగింది అందుకే.

ఉప్పల్_ఆక్టేన్
లాగ్ తీసే రోజు ఏ బంకుల పోసినవో రాసి పెట్టుకో తమ్ముడూ. మర్చిపోకు.

మలక్‌పేట_క్లెయిమ్స్
చేయించినా, మానినా, పాలసీ కాగితం ఒకసారి చదవండి.

బాచుపల్లి_బూస్ట్
బాక్స్ అయితే బ్యాకప్ గొడవే లేదు, అది చెప్పండి.

డైనో_షీట్
బాక్స్ పెట్టినా క్లచ్ మీద పడేది అదే టార్క్.

కొండాపూర్_జీటీ
బాలానగర్ అన్నా, థాంక్స్. అడ్వాన్స్ ఆపిన. గేర్‌బాక్స్ చూపించి చెప్త.

మియాపూర్_ఎన్‌లైన్
నాది హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్, డీసీటీ (ఇదీ రెండు క్లచ్‌ల గేర్‌బాక్సే). ఇంకా వారంటీ ఉంది. నాకూ ఇదే లెక్కనా? బాలానగర్ అన్నా, ఉన్నారా?