‘అన్నది నిజమే’: పూర్వపక్షమా, ఒప్పుకోలా?

వాదంలో ఏ వాక్యం ఏ పని చేస్తుందో చూడడానికి నిన్న తీసుకున్న కార్చిచ్చు పేరాలో మొదటి వాక్యం పూర్వపక్షమని ఎక్కువమంది మిత్రులు తేల్చారు. నాకు అలా తోచడం లేదు. పేరా మరొకసారి:

“అడవిలో కనిపించిన ప్రతి మంటనూ వెంటనే ఆర్పితే ఆ ఏటికి చెట్లు దక్కుతాయన్నది నిజమే. అయితే ఏటేటా రాలిన ఆకూ, పుల్లా, ఎండుగడ్డీ కాలకుండా పోగుపడి, ఎప్పుడో అంటుకున్న నిప్పు నేల విడిచి కొమ్మల్లోకి ఎక్కుతుంది. కనుక అదను చూసి చిన్న మంటలను అదుపులో కాలనివ్వడమే మేలు.”

పూర్వపక్షమంటే ఖండించడానికి ముందుగా నిలబెట్టే ఎదుటివారి మాట. ‘అంటారు’, ‘అని కొందరి వాదం’ వంటి గుర్తులతో వస్తుంది, చెప్పేవాడు దానికి పూచీ పడడు. ఇక్కడ ‘అన్నది నిజమే’ అని రచయిత తానే పూచీ పడ్డాడు, తరువాత ఎక్కడా కాదనలేదు. విశాఖ ఎంవీపీ కాలనీ రైతుబజారులో బెండకాయ కొస విరవబోయి, అది విరగక వంగిపోతే, “ధర తక్కువన్నది నిజమే, అయితే కాయ ముదిరింది” అని తిరిగి అమ్మేవారి బుట్టలోనే పడేసేవారు తక్కువ ధరను ఖండించినట్టా? ధరను ఒప్పుకుంటూనే, కొనడానికి అది చాలదంటున్నారు.

రెండవ వాక్యం హేతువు, అంటే కారణం; ‘కనుక’తో వచ్చినది నిగమనం, అంటే చివరికి తేల్చిన మాట. మొదటి వాక్యాన్ని తీసేసి చదివినా నిగమనం చెక్కుచెదరదు. రెండవదాన్ని తీసేస్తే ‘కనుక’కు ఆధారమే ఉండదు.

ఈ వాదానికి మూలం అమెరికా అనుభవం. ప్రతి మంటనూ మర్నాటి ఉదయం 10 గంటలలోపు అదుపు చేయాలని అక్కడి అటవీ శాఖ 1935లో పెట్టుకున్న నియమాన్ని 1978లో వదులుకుంది. వేసవిలో మన కొండవాలు గడ్డిలో సన్నని ఎర్రగీతలా పాకే మంటను పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పడం చూసిన మిత్రులొకరు, విశాఖ పక్కనున్న కంబాలకొండ అడవిలో ఈ వాదం చెల్లదని కోప్పడ్డారు. కోపం సబబే కావచ్చు గాని, ఆ అభ్యంతరం తగిలేది హేతువుకు, మొదటి వాక్యానికి కాదు.

‘నిజం’ అని ఊరుకుంటే వాక్యం అక్కడితో ఆగుతుంది. ‘నిజమే’లోని ఏకారం వింటే చెవి ‘అయితే’ కోసం కాచుకుంటుంది. ఇలా ఒప్పుకోవడాన్ని మన ప్రాచీన తర్కశాస్త్రమైన న్యాయదర్శనంలోని అభ్యుపగమమని పిలవవచ్చునని ఒకరు సూచించారు. అది పరిశీలన కోసం తాత్కాలికంగా ఒప్పుకోవడం; ఈ రచయిత మనస్ఫూర్తిగానే ఒప్పుకున్నాడు. అందువల్ల నేను ‘ఒప్పుకోలు వాక్యం’ అనే రాస్తాను.