ముప్పై దాటినవాళ్లకి, తెలుగులో రాసే రిపోర్టింగ్ పుస్తకానికి గ్రాంట్ ఉందా?

నాకు 33 ఏళ్లు, ఉండేది మలక్‌పేటలో. 2024 సెప్టెంబరులో మూసీ ఒడ్డున కూల్చబోయే ఇళ్ల గోడల మీద ఎర్ర రంగుతో ‘ఆర్‌బీ-ఎక్స్’ అని గుర్తులు వేశారు కదా, అప్పటినుంచీ చాదర్‌ఘాట్, మూసానగర్ మనుషుల గురించి రాస్తున్నాను. కథ కాదు, అంతా జరిగిందే. 80 పేజీలయ్యాయి. ఇళ్లు పోయినవాళ్ల వెంట ఇంకో ఆరు నెలలు తిరగాలి. సెలవు పెడితే జీతం రాదు.

ఇప్పటిదాకా చూసినవి: యువ రచయితలకు కేంద్రం పెట్టిన పీఎం యువ పథకంలో నెలకు 50,000 చొప్పున ఆరు నెలలు ఇస్తారు, తెలుగులోనూ రాయొచ్చు. కానీ 30 లోపు వాళ్లకే. సాహిత్య అకాడమీ యువ పురస్కారానికి 35 దాకా వయసుంది గానీ, అది అచ్చయిన పుస్తకానికి. రెండు జర్నలిజం గ్రాంట్లకు దరఖాస్తు పెట్టాను. ఒకటి ‘ప్రచురిస్తాం’ అని ఎడిటర్ ఉత్తరం అడిగింది. పుస్తకానికి అలాంటి ఉత్తరం ఎవరిస్తారు? రెండోది ఇంగ్లిష్ శాంపిల్ అడిగింది. 3,000 పదాలు నేనే అనువాదం చేసి పంపాను. ‘నీళ్లొచ్చినయ్, సామాన్లు మీదికెక్కియ్యి’ అని ఒకామె అరిచిన అరుపు ఇంగ్లిష్‌లో వాతావరణ సూచనలా తేలింది. నాలుగు నెలలకు ఒక్క లైన్‌లో తిరస్కరణ.

రచయితలు వేరే ఊళ్లో ఉండి రాసుకునే నివాస శిబిరాలు (రెసిడెన్సీలు) వద్దు. నా మెటీరియల్ అంతా ఇక్కడే ఉంది, కొండమీద కూర్చుని ఏం రాయను?

తెలుగు రాతప్రతినే చూసి, అచ్చు కాకముందే, 30 దాటినవాళ్లకు తిరుగుడు ఖర్చులు ఇచ్చే గ్రాంట్ మీలో ఎవరికైనా నిజంగా వచ్చిందా? వస్తే ఏది?