నరసాపురంలో మా మండువా ఇల్లు: వెనక గదులు అతిథులకు, వీధి సావిడి ఊరికి. కుదురుతుందా?

ప్రశ్న
రాసినవారు: వశిష్ఠ గట్టు

అందరికీ నమస్కారం. మాది నరసాపురం, ఉద్యోగం హైదరాబాద్‌లో. గోదారి గట్టుకు రెండు వీధుల ఇవతల మా ముత్తాతగారు కట్టించిన మండువా ఇల్లు ఉంది. వీధి గుమ్మం పైన 1926 అని చెక్కి ఉంటుంది. ఇప్పుడు అందులో అమ్మ ఒక్కతే ఉంటోంది. ఆవిడకు 71 ఏళ్లు.

ఇల్లు ఎలా ఉంటుందో చెప్తే తప్ప నా ప్రశ్న అర్థం కాదు. వీధి వైపు ఈ చివర నుంచి ఆ చివరకు అరుగు. గుమ్మం దాటితే సావిడి, తర్వాత మండువా. నాలుగు వైపుల నుంచీ పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది కాబట్టి వాన నీళ్లన్నీ మధ్యలో పడి, తూములోంచి పెరట్లోకి పోతాయి. మండువా చుట్టూ 8 టేకు స్తంభాలు, ఐదు గదులు. వెనక వంటిల్లు, పెరట్లో నుయ్యి.

పడమటి వైపు కప్పు రెండేళ్లుగా కారుతోంది. ఒక మూల వాసం కుంగింది. 2009లో నాన్నగారు గోడలకు సిమెంటు పూత వేయించారు. అది నడుము ఎత్తు దాకా పొరలు పొరలుగా రాలిపోతోంది. స్తంభాల్లో రెండింటి అడుగున చెద కనిపించింది.

మా నాయనమ్మ రోజుల్లో లేసు అల్లే ఆడవాళ్లు మధ్యాహ్నం వంటలయ్యాక మా అరుగు మీదే కూర్చునేవాళ్లు. ఏజెంటు దారం తూకం వేసి ఇచ్చేదీ, అల్లినవి లెక్కపెట్టి పట్టుకుపోయేదీ అక్కడే. ఇప్పటికీ ఆరేడుగురు పెద్దవాళ్లు వస్తారు. సాయంత్రం పక్క వీధి పిల్లలు పుస్తకాలు తెచ్చుకుని సావిడిలో చదువుకుంటారు. వాళ్ల ఇళ్లలో చోటు లేదు. 2024లో నరసాపురం లేసుకు జీఐ (ఈ ప్రాంతం సరుకని చెప్పే భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిందని అందరం సంతోషించాం. కానీ అల్లే మనిషి కూర్చుని, కొనే మనిషికి తన చేత్తో చూపించుకునే చోటు ఊళ్లో ఒకటైనా ఉండాలి కదా. ఆ చోటు మా ఇంట్లో ఉండాలని నా కోరిక.

ఇంతవరకు ముగ్గురిని పిలిచి చూపించాను. ఒకాయన, మొత్తం పడగొట్టి జీ ప్లస్ త్రీ లాడ్జి కడితే కార్తీకమాసం, అంతర్వేది తీర్థం రెండింటితోనే బండి నడుస్తుందన్నారు. రెండో ఆయన మండువా మీద ఫైబర్ షీటు మూసేసి అక్కడ రిసెప్షన్ పెట్టి, ఐదు గదులకూ అటాచ్డ్ బాత్రూమ్, ఏసీ పెడదామన్నారు. మూడో ఆయన కప్పు ఒక్కదానికే 9 లక్షలు చెప్పి వెళ్లిపోయారు. అమ్మ మాత్రం ఒకటే మాటంది: "అరుగుకు గ్రిల్లు పెట్టిన రోజు నేను ఈ ఇంట్లో ఉండను."

ఇంటికి వాటాదారులం చాలామందిమి. నాన్నగారు లేరు. పెదనాన్నగారు, ఇద్దరు మేనత్తలు ఉన్నారు. ఎవరూ అమ్మేద్దామనడం లేదు, అలాగని ఎవరూ డబ్బు పెట్టే స్థితిలోనూ లేరు. నా దగ్గర 14 లక్షలున్నాయి. ఇంతకంటే అప్పు చేయలేను.

గదులు కొన్ని అతిథులకిచ్చి, వచ్చిన దాంతో ఇల్లు నిలబెట్టి, అరుగూ సావిడీ ఊరికి వదిలేయాలని నా ఆలోచన. ఇలాంటిది చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1
రాసినవారు: సున్నం బట్టీ

అమ్మా, మాది యానాం. సివిల్ డిప్లొమా చేసి పుదుచ్చేరిలో 11 ఏళ్లు పాత ఇళ్ల మరమ్మతుల్లోనే పనిచేశాను. మీరు రాసింది చదివి రాత్రి నిద్రపట్టలేదు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

గదుల లెక్క పక్కన పెట్టి ముందు నీళ్ల సంగతి చూడండి. మండువా ఇంట్లో కప్పు కారేది ఎక్కువగా నాలుగు మూలల్లో. రెండు వాలులు కలిసే చోట పెంకుల కింద రేకు ఉంటుంది. అది తుప్పుపట్టి చిల్లులు పడితే నీళ్లు తిన్నగా మూల వాసంలోకి దిగుతాయి. మీ వాసం కుంగింది కూడా మూలలోనే అన్నారు. కాబట్టి కప్పు మొత్తం విప్పకండి. ఈ వేసవిలో పడమటి వైపు ఒక్కటే విప్పించి, మంచి పెంకులు ఏరి పక్కన పేర్చి, రేకూ పుచ్చిన వాసాలూ మార్పించండి. పాత పెంకుల్లో చాలా భాగం మళ్లీ పనికొస్తాయి. 9 లక్షల లెక్క బహుశా అన్నీ కొత్తవి వేసే లెక్క.

తర్వాత తూము. వెదురుబద్ద పెట్టి పొడిపించి, ఒక బిందె నీళ్లు పోసి ఎంతసేపట్లో పెరట్లోకి వస్తాయో చూడండి. చాలా ఇళ్లలో నేల మీద కొత్త టైల్స్ వేసి తూము మట్టం కంటే పెరడు ఎత్తు చేసేస్తారు. ఇక ఆ నీళ్లన్నీ పునాదిలోకే.

గోడల విషయానికొస్తే, ఆ సిమెంటు పూతే మీ గోడను తినేస్తోంది. పాత ఇటుక నేలలోంచి చెమ్మ పీల్చుకుంటుంది. సున్నపు పూత ఉన్నప్పుడు ఆ చెమ్మ పూతలోంచి గాలికి ఆరిపోయేది. సిమెంటు ఆ దారి మూసేసింది. లోపల నిలిచిన చెమ్మతో పాటు ఉప్పు తేలి పూతను ఊడదీస్తుంది. సముద్రం దగ్గర ఊళ్లలో ఈ ఉప్పు బాధ ఇంకా ఎక్కువ. సిమెంటంతా గీకించి, గోడను ఒక వేసవి అంతా ఆరనివ్వండి. తర్వాత గానుగలో ఆడిన సున్నం, ఇసుక కలిపి పల్చగా పూతలు వేయించండి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్లు కలిపే మేస్త్రీలు ఇంకా ఉన్నారు. పైన ప్లాస్టిక్ రంగు మాత్రం వద్దు, సున్నమే కొట్టించండి.

స్తంభాలకు భయపడకండి. అడుగు పుచ్చితే మొత్తం మార్చక్కర్లేదు. కప్పుకు జాకీలు పెట్టి, పుచ్చినంత మేర కోసేసి, పాత టేకు ముక్కనే ఒకదానిలో ఒకటి దిగేలా అతికి, కింద రాతి దిమ్మె పెడతారు. మంచి వడ్రంగి రెండు స్తంభాలు పది రోజుల్లో చేస్తాడు.

బాత్రూములు గదుల్లోకి తేకండి. పాత గోడకు కొత్త తడి చుట్టుకుంటే మళ్లీ అదే కథ. పెరటి గోడ పక్కన విడిగా కట్టి, అక్కడిదాకా పెంకుల పంచ దింపండి. సెప్టిక్ ట్యాంకు నూతికి వీలైనంత దూరంగా ఉండాలి. వైరింగ్ కోసం గోడలు చెక్కనివ్వకండి, పైనే పైపుల్లో తీసుకెళ్లమనండి.

మండువా మూయొద్దు. వేడి గాలి బయటికి పోయేది, ఇంటికి వెలుతురు వచ్చేది అందులోంచే. మూస్తే పగలు కూడా లైట్లు, ఏసీ కావాలి, ఆ కరెంటు బిల్లు మీ గది అద్దె మింగేస్తుంది.

పుదుచ్చేరిలో తమిళుల ఇళ్ల ముందు కూడా మన అరుగులాంటిదే ఉంటుంది, తిణ్ణై అంటారు. పాత కట్టడాలను కాపాడే ఇంటాక్ సంస్థ అక్కడ వైశ్యాళ్ వీధిలో వరసగా ఇళ్ల ముఖాలు బాగుచేయించింది. ఆ పనికి 2008లో పాత కట్టడాల పరిరక్షణకిచ్చే యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. మన వైపు కామారెడ్డి జిల్లా దోమకొండ కోటకు 2022లో అదే పురస్కారం వచ్చింది. ఇవి పెద్ద పనులే, కానీ అక్కడ వాడిందీ ఇదే సున్నం, ఇదే చెక్క. ఒకసారి దోమకొండ వెళ్లి గోడ మీద చెయ్యి పెట్టి చూడండి.

రెండు గదులతో మొదలుపెట్టండి. మిగతా మూడూ తలుపులేసి ఉంచండి.

జవాబు 2
రాసినవారు: కొబ్బరితోట

అక్కా, నేను కోనసీమలో మా అత్తగారింట్లో ఆరేళ్లుగా అతిథుల్ని ఉంచుతున్నాను. పైన అన్నయ్య చెప్పిన మరమ్మతుల మాటకు తిరుగు లేదు. రెండు గదులన్నదే ఒప్పుకోను. రెండు గదుల మీద ఒక పనిమనిషి జీతం, దుప్పట్ల ఉతుకు, పాలవాడి లెక్క తేలవు. మూడు కావాలి. మూడు దాటితే మీ అమ్మగారు అలిసిపోతారు.

మీ అమ్మగారు అక్కడే ఉండటం మీకు కలిసొచ్చే విషయం. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే పథకంలో ఇంటివాళ్లు అదే ఇంట్లో ఉండాలి, గదులు ఆరుకు, మంచాలు 12కు మించకూడదు. అందులో నమోదు చేయించుకోండి. భోజనం పెడితే ఆహార భద్రత రిజిస్ట్రేషన్ కావాలి. విదేశీయులు దిగితే 24 గంటల్లోపు వాళ్ల వివరాలు ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపాలి. మొదటి ఏడాది నాకిది తెలియక చాలా టెన్షన్ పడ్డాను.

కాగితాల విషయం అన్నిటికంటే ముందు తేల్చండి. తాతలు వీలునామా రాయకుండా పోయి ఉంటే మీ మేనత్తలకూ వాటా ఉంటుంది. పెళ్లిళ్లయి వెళ్లిపోయారు కదా అని వదిలేస్తే రేపు వాళ్ల పిల్లలు అడుగుతారు, అడగడం న్యాయమే. మేం ఇల్లు పంచలేదు. వాటాదారులందరూ సంతకం పెట్టి మాకు 15 ఏళ్లకు లీజు రాశారు. ఏడాది దాటిన లీజు రిజిస్టర్ చేయించాల్సిందే. గదుల మీద వచ్చిందాంట్లో ఖర్చులు పోగా మిగిలిన దాంట్లో ముందు కప్పు మరమ్మతుల ఖాతాకు కొంత తీసేసి, మిగతాది వాటాల ప్రకారం పంచుతాం. మొదటి రెండేళ్లు ఒక్కొక్కరికి వచ్చింది పండగ చీర ఖరీదే. అయినా మా ఆడపడుచు ఆ డబ్బు తీసుకుని ఏడ్చింది, పుట్టింటి నుంచి వచ్చిందని.

సీజన్ల మాటకొస్తే కార్తీకంలో పంచారామాలు తిరిగేవాళ్లు భీమవరం, పాలకొల్లు చూసుకుని మీ వైపు వస్తారు, రాత్రి పది దాటాక దిగి తెల్లవారుజామున నాలుగింటికి వెళ్లిపోతారు. సంక్రాంతికి గది ఎంత చెప్పినా ఇస్తారు. కానీ ఆ మూడు రోజులు నేను బయటివాళ్లకు ఇవ్వను. ఒక ఏడాది పందాలకొచ్చిన గుంపుకు ఇచ్చి, తాగి మా మామగారి పడక్కుర్చీ విరగ్గొడితే తెలిసొచ్చింది. పండక్కి ఇల్లు ఇంటివాళ్లకే.

సావిడిలో పిల్లలు, గదుల్లో అతిథులు అంటే గొడవ పడకుండా వేళలు రాసి పెట్టండి. గది బుక్ చేసేటప్పుడే చెప్పండి: సాయంత్రం 5 నుంచి 8 దాకా ఇక్కడ పిల్లలు చదువుకుంటారు, చప్పుడు ఉంటుంది అని. ఇష్టం లేనివాళ్లు రారు. వచ్చినవాళ్లు ఆ పిల్లల పక్కనే కూర్చుంటారు.

జవాబు 3
రాసినవారు: పంటు రేవు

అమ్మాయ్, మీ ఇల్లు ఏదో నాకు తెలిసిందనుకుంటున్నాను, పేరు రాయను. 1996 నవంబరు 6 తుపాను రాత్రి మా రేకుల ఇల్లు లేచిపోయింది. మా అమ్మనీ, చంటిపిల్లనీ తీసుకుని మీ సావిడిలోకి వచ్చాం. అప్పటికే లోపల చాలామంది ఉన్నారు. మండువాలో నీళ్లు మోకాలి దాకా వచ్చి తూములోంచి పోతూనే ఉన్నాయి. దక్షిణం వైపు పెంకులు ఎగిరిపోయాయి, స్తంభాలు మాత్రం కదల్లేదు. మీ నాయనమ్మగారు తెల్లారేసరికి అందరికీ గంజి కాయించారు.

నేను రేవులో గోదారి దాటించే సఖినేటిపల్లి పంటు మీద పనిచేసి రిటైరయ్యాను. డబ్బు పెట్టలేను. పెంకులు దింపే రోజున మనుషుల్ని తీసుకొస్తాను. మా కోడలు లేసు అల్లుతుంది. మీరు సావిడిలో ఒక గోడకు చెక్క బీరువా పెట్టిస్తే, అల్లినవి దుమ్ము పడకుండా పెట్టుకుని వచ్చినవాళ్లకు చూపించుకుంటారు. బయటివాళ్లకు ఒక పూట లేసు సూది పట్టడం నేర్పమన్నా నేర్పుతారు, దానికి వాళ్లకు కూలి కట్టివ్వాలి. ఉచితంగా మాత్రం అడగొద్దమ్మా. ఒక్కో ముక్కకు కళ్లు పోగొట్టుకుని వాళ్లకు వచ్చేది చాలా తక్కువ.

ప్రశ్న అడిగినవారి మాట
రాసినవారు: వశిష్ఠ గట్టు

పంటు రేవు గారూ, మీరు రాసింది అమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. ఆ రాత్రి గంజి కాచిన డేగిసా ఇంకా అటక మీద ఉందట. మీ అమ్మగారి పేరు కూడా చెప్పింది, ఇక్కడ రాయను. తప్పకుండా ఇంటికి రండి.

ఆదివారం నరసాపురం వెళ్లి తూములో బిందె నీళ్లు పోయించాను. అరగంటైనా పెరట్లోకి చుక్క రాలేదు. తవ్విస్తే 2009లో పోసిన సిమెంటు గడ్డకట్టి సగం మూసేసి ఉంది. దాన్ని పగలగొట్టించాం. సాయంత్రానికి నీళ్లు పారాయి, అమ్మ అక్కడే పీట వేసుకుని కూర్చుని చూసింది.

మేనత్తలిద్దరితో మాట్లాడాను. పెద్దత్తయ్య వెంటనే ఒప్పుకుంది. చిన్నత్తయ్య మాత్రం ఏడాదికోసారి తనకు ఉత్తరం గది వారం రోజులు కావాలని అడిగింది. అది లీజులో రాయిస్తున్నాను. పెదనాన్నగారి సంతకం ఒక్కటే మిగిలింది. ఆయన విశాఖలో ఉన్నారు, వచ్చే నెల వెళ్తాను.

గదులు మూడే. దక్షిణం గది అమ్మది, ఉత్తరం గది తాళం వేసి అత్తయ్యలకు. కొబ్బరితోట గారు చెప్పిన వేళలు సావిడి తలుపు మీద రాయించాలని అమ్మతో అంటే, 8 వద్దు 9 అని రాయించమంది, టెన్త్ పిల్లలకు చాలదట. లేసు బీరువాకు పాత వంటింటి చెక్క తలుపులు వాడొచ్చు.

సున్నం బట్టీ గారూ, పడమటి కప్పు ఈ ఏప్రిల్లో విప్పుతాం. పాలకొల్లులో వాకబు చేశాను, గానుగ సున్నం ఆడేవాళ్లు దొరకలేదు. యానాం వైపు మీకు తెలిసిన మేస్త్రీ ఎవరైనా ఉంటే చెప్పండి. బస, భోజనం మా ఇంట్లోనే. సున్నం ఎన్ని వారాలు ముందుగా నానబెట్టాలో కూడా రాయండి, పెరట్లో గుంట ఇప్పుడే తవ్వించి ఉంచుతాను.