అప్‌డేట్: తిరుపతి ఎండకు నిలిచిన పూల మొక్కలు

పడమటి ఎండ కొట్టే మా ఇంటి ముందు ఏళ్లపాటు ఉండే పూల మొక్కలు ఏవి వేయాలని అడిగాను కదా, ఇదీ సంగతి.

కాగితం పూలు మే నెలలోనూ విరగబూశాయి. నీళ్లు తగ్గించాకే పూలు పెరిగాయి, రోజూ పోస్తే ఆకులే!

టెన్షన్ పెట్టింది నూరువరహాలే. కొత్త ఆకులు పసుపు, ఈనెలు మాత్రం పచ్చన. ఇనుము అందకపోతే ఇలాగే అవుతుందట. నేలలో, బోరు నీళ్లలో సున్నం ఎక్కువుంటే ఇనుము ఉన్నా వేళ్లు తీసుకోలేవు. చీలేటెడ్ ఐరన్ (అలాంటి నేలలోనూ వేళ్లు తీసుకోగలిగే రూపంలో ఉండే ఇనుము) వేసి, పశువుల ఎరువు కలిపాక చిగుళ్లు పచ్చగా వస్తున్నాయి. వాన నీళ్లు దొరికితే దానికే.

గన్నేరు, బిళ్ళ గన్నేరు వద్దనుకున్నాం. రెండూ విషమే, ఇంట్లో పాకే పాప ఉంది. పిండినల్లి బాధ ఉన్నా సరే, అక్టోబరు వానలకు మందారం వేస్తాను.